వణుకు లేకపోయినా పార్కిన్సన్స్ ఉంటుందా?

మీ నాన్నగారికి చెయ్యి వణకడం లేదు, ఎంఆర్‌ఐ నార్మల్‌గానే వచ్చింది, అయినా డాక్టరు మెదడులోని మిడ్‌బ్రెయిన్ అనే చోట నల్లటి భాగం దెబ్బతింది, ఇది పార్కిన్సన్స్ అంటున్నారు, నమ్మాలా అని అడిగారు. నమ్మొచ్చండి. నేను డాక్టర్ని కాను గానీ, ఇదే జబ్బున్న మా అమ్మను ఏళ్లుగా దగ్గరుండి చూసుకుంటున్నాను.

ఆ నల్లటి భాగాన్ని సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటుంది. అక్కడి కణాల్లో న్యూరోమెలనిన్ అనే రంగు పదార్థం పేరుకోవడం వల్ల ఆ నలుపు. ఆ కణాలు డోపమైన్ అనే రసాయనం తయారుచేసి మెదడులోనే స్ట్రయాటం అనే చోటికి పంపుతాయి. మెదడులో కొన్ని కేంద్రాలు అక్కర్లేని కదలికలను ఎప్పుడూ ఆపి ఉంచుతాయి. మనం లేవాలనుకున్నప్పుడు ఆ పట్టు సడలడానికి డోపమైన్ కావాలి. అది తగ్గితే కండరాల్లో బలం ఉన్నా, లేవాలని మనసులో ఉన్నా, ఒళ్లు కదలదు. అందుకే ఈ జబ్బుకు అసలు గుర్తు నెమ్మదించడం. వణుకు కొందరికి ఉండకపోవచ్చు. మామూలు ఎంఆర్‌ఐలో ఈ నష్టం సాధారణంగా కనిపించదు. డాక్టర్లు నడిపించి, వేళ్లు ఆడించమని, చెయ్యి వంచి బిగుతు చూసి తేలుస్తారు.

మా అమ్మ సరుకుల చీటీలో మొదటి వరుస కందిపప్పు చక్కగా చదవగలిగేలా ఉండేది. చివర జీలకర్ర దగ్గరికొచ్చేసరికి అక్షరాలు చీమ తలకాయలంత అయిపోయేవి. నడిచేటప్పుడు కుడి చెయ్యి ఊగేది కాదు. చుట్టాలు మాత్రం "వయసు మీద పడింది, బద్ధకం" అనేవారు. ఆ మాట అమ్మను జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది. దయచేసి మీ ఇంట్లో నాన్నగారిని ఎవరినీ అలా అననివ్వకండి. ముందే ఎందుకు గమనించలేదని మీరూ కుమిలిపోకండి. లక్షణాలు బయటపడేసరికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి.

ఇక మందు. డోపమైన్‌ను నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి వెళ్లదు. లెవోడోపా అనే మందు వెళుతుంది, వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు మెదడులో డోపమైన్‌ను తగ్గించే రిసర్పిన్ అనే మందు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి, లెవోడోపా ఇచ్చాక మళ్లీ లేచి తిరిగాయి. రిసర్పిన్ మన సర్పగంధ వేరులో ఉండేదే. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. మా అమ్మ పొద్దున్న మాత్ర వేసుకున్న కాసేపటికి తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటుంది. అది చూసినప్పుడల్లా ఆ పరిశోధన చేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. మాత్ర పోయిన కణాలను తిరిగి తేలేదు, అయినా రోజు గడవడానికి అది పెద్ద ఆసరా.

మాత్రకు టైము ముఖ్యం. పప్పు, గుడ్డు, పాలు లాంటి ప్రొటీన్ ఎక్కువున్న తిండితో కలిపి వేసుకుంటే కొందరికి సరిగా పట్టదు. అమ్మకు మేము భోజనానికి అరగంట ముందు ఇస్తాం, మీరు మీ డాక్టర్ని అడిగి పెట్టుకోండి. దూలగొండి గింజల పొడి వాడమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. కాబట్టే మాత్రలతో పాటు సొంతంగా వాడకూడదు, డోసు లెక్క తప్పుతుంది.

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. మేము గడపకు ముందు నేల మీద రంగు టేపు అడ్డంగా అంటించాం. దాన్ని దాటమంటే అమ్మ కాలు లేస్తుంది.

ఒకటి మాత్రం మర్చిపోకండి. వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్ పనిని అడ్డుకుంటుంది, ఈ జబ్బున్నవాళ్లకు అది పడదు. వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరినా ఆ సంగతీ, పార్కిన్సన్స్ మాత్రల టైములూ ఒక కాగితం మీద రాసి ఫైలు పైన పిన్ చేయండి, డ్యూటీ మారిన ప్రతి నర్సుకూ చూపించండి.