పాత గిటారు, కొత్త పికప్‌లు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. చర్చి పాటల బృందంలో మామూలు గిటారు వాయిస్తాడు. నెల్లూరులో ఒకాయన తన ఎలక్ట్రిక్ గిటారును 20 వేలకు ఇస్తానంటున్నారు. కంపెనీ పికప్‌లు తీయించి మేలురకానివి వేయించారట, వాటికే 9 వేలయ్యాయట. తీసుకోవచ్చా?
– ఒక తల్లి, కొత్తపట్నం

జవాబు: తీసుకోవచ్చమ్మా, కానీ ఆ 9 వేలను ధరలో కలిపి ఇవ్వకండి. ఆయన తన చెవికి నచ్చిన నాదం కోసం పెట్టుకున్న ఖర్చు అది. తీసేసిన కంపెనీ పికప్‌లు దాచి ఉంటే వాటినీ ఇమ్మనండి. అబ్బాయికి ఈ నాదం నచ్చకపోతే మళ్లీ అవే బిగించుకోవచ్చు.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన, తలవెంట్రుకంత సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే అందులో కరెంటు పుడుతుంది. ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ రకం మన 50 హెర్ట్జ్ కరెంటు హోరును కూడా పట్టేస్తుంది. హంబకర్‌లో రెండు చుట్టలు ఉండి ఆ హోరును అణచివేస్తాయి. ట్యూబులైట్లు, మైకు వైర్ల మధ్య వాయించేవాడికి నేను హంబకరే చెబుతాను.

వెళ్లేటప్పుడు మల్టీమీటర్ (ఎలక్ట్రీషియన్లు వాడే కొలత మీటరు) తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. గిటారుకు వైరు పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, వైరు రెండో కొసన రెసిస్టెన్స్ కొలిస్తే సింగిల్ కాయిల్‌కు సుమారు 6, హంబకర్‌కు 8 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో చూపాలి. ఎక్కువ చుట్లతో గట్టి ధ్వని ఇచ్చే ఘాటైన రకాలు 14 దాకా చూపుతాయి. మీటరు వందల కిలో ఓమ్‌లు చూపినా, అసలు కదలకపోయినా చుట్ట తెగిందో, సోల్డరింగ్ ఊడిందో అయి ఉంటుంది. ఆంప్లిఫయర్‌కు తగిలించి తీగలమీద చెయ్యి వేయమనండి. హోరు తగ్గాలి. పెరిగితే లోపల వైరింగ్ తప్పు.

ఇంతకన్నా ముఖ్యం నెక్, అంటే తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి కర్ర. పికప్ చెడితే మార్చుకోవచ్చు, నెక్ మెలి తిరిగితే గిటారే పోయినట్టు. నెక్‌మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కితే మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. ఫ్రెట్లమీద తీగల కింద గుంటలు పడ్డాయేమో వేలితో తడిమి చూడండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లనుంచి నా దగ్గరికి రిపేరుకు వచ్చే గిటార్లలో జాక్ (వైరు గుచ్చే చోటు) విప్పితే చాలు, పచ్చని చిలుము కనిపిస్తుంది. తీగలు ఆనే బ్రిడ్జి మరలు తుప్పుపట్టి తిరగవు. ఆయన గిటారులో ఆ మరలను తిప్పించి చూడండి. మీ ఊరు సముద్రం ఒడ్డునే కనుక, కొన్నాక వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడిచి సంచిలో పెట్టమని అబ్బాయికి చెప్పండి.

అన్నీ బాగుంటే 13 వేల దగ్గర బేరం మొదలుపెట్టండి. 16 దాటితే వదిలేయండి. ఆంప్లిఫయర్‌కు వేరే డబ్బు కావాలి కదా, మిగిలింది దానికి ఉంచండి.