ఆటకు బొమ్మలు గీస్తున్న యువ రచయితకు

బెంగళూరు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన వీడియో ఆటను వరుసగా మూడు రాత్రులు ఆడాను. కథ నీదే, మాటలు నీవే, బొమ్మలు కూడా నువ్వే గీశావు. కోట మెట్ల దగ్గర ముసలమ్మ పలికే నాలుగు మాటలు నన్ను కాసేపు ముందుకు కదలనివ్వలేదు కాబట్టి, కథ గురించి ఈ ఉత్తరంలో ఏమీ చెప్పను. బొమ్మలకు ఇంకా నాణ్యత రావాలంటే రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల (పిక్సెళ్ల) సంఖ్య, పెంచాలా అని అడిగావు. పెంచవద్దు. నీ తెర మీద పిక్సెళ్లు తక్కువై కాదు, కన్ను ఎక్కడ నిలవాలో తెలియక తడబడుతోంది.

మొదటి తడబాటు కొలతల దగ్గర మొదలవుతోంది. నీ కథానాయకుణ్ణి చిన్నగా గీసి నాలుగింతలు పెంచావు, వెనకనున్న మర్రిచెట్టును రెండింతలే పెంచావు. దానివల్ల అతని చొక్కాలోని ఒక్కొక్క పిక్సెల్, చెట్టు ఆకులోని పిక్సెల్ కంటే రెట్టింపు వెడల్పుగా కనిపిస్తోంది. ఆడేవారు దీన్ని వేలుపెట్టి చూపలేకపోవచ్చు గానీ, ఎవరో వేరే బొమ్మను తెచ్చి అతికించినట్టుందని వారికి తప్పక అనిపిస్తుంది. 2018లో వచ్చిన సెలెస్ట్ ఆటలో ప్రపంచమంతా 320×180 పిక్సెళ్ల కొలతలోనే ఉంటుంది. దాన్ని సరిగ్గా నాలుగింతలు చేస్తే 1280×720, ఆరింతలు చేస్తే 1920×1080 అవుతుంది. అదే బొమ్మను 1366×768 ల్యాప్‌టాప్ తెర నిండా సాగదీస్తే కొన్ని పిక్సెళ్లు తెర మీద నాలుగు గడుల వెడల్పున, కొన్ని ఐదు గడుల వెడల్పున పడి, మనిషి నడుస్తున్నప్పుడు అతని ముఖం అలల మీద నీడలా వణుకుతుంది. అటువంటి తెర మీద నాలుగింతల దగ్గరే ఆపి, మిగిలిన అంచును నల్లగా వదిలెయ్యి. ఆటను తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో (ఇంజిన్‌లో), బొమ్మను పెంచేటప్పుడు అంచులు నునుపవ్వాలో వద్దో నిర్ణయించే ఫిల్టర్‌ను కూడా పిక్సెళ్లు పదునుగా నిలిచేలా మార్చుకో: గోడో ఇంజిన్‌లో దాన్ని నియరెస్ట్ అంటారు, యూనిటీలో పాయింట్ అంటారు. కుంచెతో గీసినట్టుండే బొమ్మలకైతే ఈ సలహా పనికిరాదు, వాటికి నునుపు చేసే లీనియర్ ఫిల్టరే తగినది.

తెలుగు అక్షరాలను మాత్రం ఆ చిన్న గడుల్లో ఇరికించకు. ఎనిమిది పిక్సెళ్ల ఎత్తులో ఇంగ్లీషు అక్షరం ఇముడుతుంది, కానీ 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు ఎక్కడ నిలుస్తాయి? సంభాషణల పెట్టెను తెర అసలు రిజల్యూషన్‌లో, బొమ్మలతో సంబంధం లేని వేరే పొరగా పెట్టు. అంత కష్టపడి రాసిన ముసలమ్మ మాటలు చదవడానికి వీలుగా ఉండాలి కదా.

రెండవ తడబాటు ఇంకా పెద్దది. చాలా ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక కంపెనీలో మేము ఒక అడవి దృశ్యం మీద నాలుగు నెలలు పనిచేశాము. ఆకు ఆకుకూ నీడ వేశాము, కొమ్మ కొమ్మకూ వెలుగు పెట్టాము. ఆడించి చూస్తే అందరూ వెనక పొరలోని కొమ్మను కాలు మోపే చోటనుకుని దూకి, కింద పడ్డారు. చివరికి మేము ఒక్క ఆకునైనా తీసెయ్యలేదు. వెనక పొరలన్నిటి మీద పలుచని నీలి మంచు పరిచి, వాటిలో వెలుగుకూ చీకటికీ మధ్యనున్న తేడాను తగ్గించాము. పడటం ఆగిపోయింది, అడవికి లోతు కూడా వచ్చింది. నీ కోటకూ ఈ చికిత్సే కావాలి. తెరను ఫోటో తీసి, రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చి, బొటనవేలి గోరంత చేసి చూడు. అప్పుడు కూడా మనిషి, అతను నిలబడే నేల, అతన్ని చంపే ముల్లు వేరువేరుగా కనిపించాలి. 2017లో వచ్చిన హాలో నైట్ కథానాయకుడు ఎంత చీకటి గుహలోనైనా కనిపించడానికి కారణం ఆ చిన్న తెల్లటి ముఖం, రెండు కొమ్ములే. అదే ఏడాది వచ్చిన కప్‌హెడ్‌లో ఆడేవారు సరైన క్షణంలో ఎదురు తట్టి తప్పించుకోగల వస్తువులకు గులాబీ రంగు కేటాయించారు, అక్కడ ఆ రంగు అలంకారం కాదు, ఆడేవారికిచ్చిన మాట.

ఇక్కడి నుంచి లేపాక్షి ఎంతో దూరం కాదు. ఒక ఆదివారం వెళ్లి నాట్యమండపం పైకప్పు కింద తల ఎత్తి నిలబడు. పదహారవ శతాబ్దపు ఆ చిత్రకారులకు మట్టి రంగులు, ఒక నల్లటి గీత, పక్కకు తిరిగిన ముఖం చాలాయి. అంత గుంపులోనూ ఎవరు ఎవరో తెలుస్తుంది.

కదలిక గురించి ఒక్క సంగతి చెబుతాను. నిమ్మలకుంట తోలుబొమ్మలలో చేతులు, కాళ్లు విడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో కడతారు. కంప్యూటర్లో ఎముకలు పెట్టి బొమ్మను ఆడించే పద్ధతి కూడా అదే. అది కుంచె బొమ్మలకు చక్కగా నప్పుతుంది కానీ, నువ్వు చేసినట్టు పిక్సెల్ బొమ్మ చేతిని తిప్పితే పిక్సెళ్లు ఏటవాలుగా తిరిగి, మొదట చెప్పిన కొలత మళ్లీ చెడుతుంది. చేయి ఎత్తిన ప్రతి భంగిమనూ విడిగా గీయక తప్పదు. దూకే ముందు వంగే భంగిమను ఒక్క ఫ్రేముకు, అంటే కదలికలో ఒక్క బొమ్మకు, కుదించు. బటన్ నొక్కగానే మనిషి లేవకపోతే ఎంత అందమైన కదలికైనా బద్ధకంగా తోస్తుంది. బరువంతా నేల తాకినప్పుడు చూపించు: మోకాళ్లు వంగనీ, దుమ్ము లేవనీ.

ఫోన్లలో కూడా నడవాలంటే ఒక లెక్క గుర్తుంచుకో. చాలా బొమ్మలను కలిపి పేర్చిన 2048×2048 పిక్సెళ్ల షీటు ఒకటి కుదించకుండా పెడితే మెమరీలో 16 ఎంబీ పడుతుంది, నువ్వు అటువంటివి పదకొండు పెట్టావు.

ఆటంతా తిరగ గీయడానికి ఇప్పుడే కూర్చోకు. ముసలమ్మ కూర్చున్న ఆ మెట్ల గది ఒక్కదాన్నే ఒకే కొలతలో గీసి, దాని నలుపు తెలుపు ఫోటోతో కలిపి పంపు. ముందు ఫోటో చూసి, తర్వాత ఆడతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య