పనిలో దీవెన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమాస్తాను. కాటా చూడటం, చీటీ రాయడం నా పని. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెబుతుంటారు. ఒకరికి వీసా వచ్చింది, ఒకరికి ప్రమోషన్ వచ్చింది. నాకు చెప్పడానికి ఏమీ ఉండదు. పొద్దుటి నుంచి ఘాటు, తుమ్ములు, టిక్కీలు (మిర్చి బస్తాలు). ఇందులో దేవుని దీవెనను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: రూతు గ్రంథం రెండో అధ్యాయం, నాలుగో వచనం తీయండి. పొలం యజమాని బోయజు చేనులోకి వచ్చి కోతవాళ్లతో "యెహోవా మీకు తోడై యుండును గాక" అంటాడు. వాళ్లు "యెహోవా నిన్ను ఆశీర్వదించును గాక" అంటారు. ఈ మాటలు పలికింది యవల కోతలో, చెమట కారుతున్న చోట. ద్వితీయోపదేశకాండము 28:5 మరీ దగ్గరికొస్తుంది: "నీ గంపయు పిండి పిసుకు నీ తొట్టియు దీవింపబడును." గంపనూ తొట్టినీ పేరు పెట్టి చెప్పిన దేవుడు మీ కాటాను విడిచిపెడతాడా?

అయితే దీవెనలూ శాపాలూ రెండూ ఉన్న ఆ అధ్యాయాన్ని పట్టుకుని ధర పలికితే దీవెన, పడిపోతే శాపం అని లెక్కగట్టకండి. ఆదికాండము 39లో యెహోవా యోసేపుకు తోడుగా ఉన్నాడన్న మాట, అతను బానిసగా ఉన్న ఐగుప్తీయుడు పోతీఫరు ఇంట్లోనూ ఉంది, చెరసాలలోనూ ఉంది. ఐదో వచనాన్ని మరోసారి చదవండి. యోసేపు నిమిత్తం దీవెన అందుకున్నది ఆ ఐగుప్తీయుడి ఇల్లు. కాబట్టి నాకేం వచ్చిందనే దానికంటే, నా చేతుల మీదుగా ఎవరికి ఏం చేరిందని చూడాలి.

పొద్దున టిక్కీ ఎత్తకముందే ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఖాళీ గోతం బరువును అంచనాతో తీసేయకుండా, గోతాన్ని విడిగా తూచండి. తడిసిన గోతం బరువు తూగుతుంది, దాన్ని మళ్లీ తూచాల్సిందే. అప్పుడు 90వ కీర్తన చివరి మాట పలకండి: "మా చేతిపనిని మాకు స్థిరపరచుము." "దొంగ త్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతలు 11:1 మీ ఉద్యోగానికి రాసినట్టే ఉంటుంది.

సరుకు చూసేటప్పుడు టిక్కీ మూతి దగ్గరే కాకుండా మధ్యలోంచి, అడుగు నుంచి కూడా గుప్పెడు తీయండి. బాగా ఆరిన కాయ ఊపితే గింజ గలగలమంటుంది. చెమ్మ కాయ చప్పుడు చేయకుండా వంగిపోతుంది. కాయ విరగకూడదని కొందరు నీళ్లు చల్లుతారు, దాంతో బరువూ కలిసొస్తుంది. తేమ 10, 11 శాతం దాటితే లోపల బూజు పట్టే ప్రమాదముంది. రంగు దిగిపోతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఆ కారం చివరికి ఎవరో పిల్లాడి కంచంలోకే వెళుతుంది. చెమ్మ టిక్కీని పక్కన పెట్టించి, రైతుకు కారణం చెప్పి, మళ్లీ ఆరబోయించడం ముఖం తెలియని ఆ పిల్లాడికి మీరు పంపే దీవెన. సాక్ష్యానికి ఇంతకంటే ఏం కావాలి?

రాత్రి ఐదు నిమిషాలు చాలు, చిన్న పుస్తకంలో మూడు వాక్యాలు రాయండి. ఈరోజు ఎవరి ద్వారా నాకు అందింది, నా ద్వారా ఎవరికి అందింది, ఎక్కడ తప్పాను. కొద్ది వారాలకే చాలామంది "ఆరోగ్యమిచ్చావు, స్తోత్రం" అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోతారు. మనిషి, వస్తువు, లెక్క లేకుండా రాస్తే అంతే. "మధ్యాహ్నం హమాలీ తన మంచినీళ్లు నాకిచ్చాడు" అని రాయండి. మూడో వాక్యాన్ని రాసి వదిలేస్తే లాభం లేదు. రైతుకు 2 కిలోలు తక్కువ రాశారనుకోండి, కిలో 150 చొప్పున 300 రూపాయలు. లేవీయకాండము 6:5 ఐదో వంతు కలిపి ఇవ్వమంది కాబట్టి 360. లూకా సువార్తలో పన్ను వసూలుచేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ కొలత మనకు చట్టం కాకపోయినా, ఆ మనసు మనకుండాలి. యజమానికి చెప్పి ఆ రైతు లెక్క సరిచేయించండి.

ప్రశ్న: విజయవాడలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పది గంటలు మిషను మీదే. ప్రార్థనకు సమయం ఉండటం లేదు. ఇది పాపమా?

జవాబు: కాదమ్మా. పౌలు డేరాలు కుట్టి బతికాడు (అపొస్తలుల కార్యములు 18:3). దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ చూపించినవి ఆమె కుట్టిన అంగీలే (9:39). బాబిన్ దారం అయిపోయి మిషను ఆగినప్పుడల్లా, కొత్తది పెట్టేలోపు, ఆ జాకెట్ ఎవరిదో వారి పేరుతో ఒక్క వాక్యం ప్రార్థన చేయండి. కొలతల పుస్తకంలో పేరు ఎలాగూ ఉంటుంది.

మీ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది ఆ పది గంటలు. వేకువనే లేచి, చాలా రాత్రి వరకు మేలుకొని కష్టపడటం వ్యర్థమని 127వ కీర్తన అంటోంది. క్రిస్మస్ ముందు అందరికీ "సరే" అనేసి, తర్వాత నిద్ర మానుకుని, చంకల దగ్గర కుట్టు వంకరపోయి, విప్పి మళ్లీ కుట్టడం మీకు తెలిసిందే. రోజుకు ఎన్ని కుట్టగలరో ఒక వారం లెక్క రాసుకోండి. ఆ లెక్కకు మించి డిసెంబరు ఆర్డర్లు తీసుకోకండి. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ప్రభువు చెప్పింది (మత్తయి 5:37) తేదీ ఇచ్చేటప్పుడు కూడా వర్తిస్తుంది.