అర పాయింటు చేజారనీయకు

చి॥ బాబుకి, తాతయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి బరంపురం చదరంగం పోటీకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, బాగానే చదివావు. నా బెంగంతా డ్రా గురించే, అదే, చెరో అర పాయింటు వచ్చే ఫలితం. చేతిలో ఉన్న డ్రాని పిల్లలు పోగొట్టుకునేది ఎక్కువగా పద్ధతి తెలియకే.

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వెయ్యి, తర్వాత నోటితో అడుగు, ఆపైన గడియారం నొక్కు. అడిగాక వెనక్కి తీసుకోలేవు. అవతలివాడు కాదనేదాకా, లేదా ఎత్తు వెయ్యడానికి కాయ ముట్టుకునేదాకా ఆ మాట నిలిచే ఉంటుంది. మాటిమాటికీ అడగకు, విసిగించినట్టు లెక్క.

ఎక్కువమంది తడబడేది మూడుసార్ల నియమం దగ్గర. బల్లమీద ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా కోరవచ్చు. అదే స్థితి వరుసగా రానక్కర్లేదు, కానీ ప్రతిసారీ ఎత్తు అదే మనిషిది కావాలి, కాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) హక్కులూ మారకూడదు. నీ ఎత్తుతోనే మూడోసారి వస్తుందనుకో, కాయ ముట్టకు. ఆ ఎత్తుని నీ ఎత్తులు రాసుకునే కాగితం మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ని, అంటే పోటీ న్యాయనిర్ణేతని, పిలువు. కాయ ముట్టావా, ఆ ఎత్తుకి డ్రా కోరే హక్కు పోయినట్టే. లెక్క తప్పితే ఎదుటివాడికి 2 నిమిషాలు అదనం, నువ్వు రాసిన ఎత్తే వెయ్యాలి. అందుకే ప్రతి ఎత్తూ అర్థమయ్యేలా రాయి. ఆర్బిటర్‌కి తెలుగు రాకపోయినా కంగారుపడకు, నీ కాగితమే మాట్లాడుతుంది.

రూక్ ఎండింగులో, అంటే చివరికి రాజులు, ఏనుగులు, బంటు మిగిలిన ఆటలో, ఒక బంటు తక్కువైతే వెంటనే చేతులెత్తెయ్యకు. నువ్వు నలుపైతే రాజుని బంటుకి ఎదురుగా పెట్టి, రూక్‌ని (ఏనుగుని) తెల్లవాడి వైపు నుంచి లెక్కపెడితే ఆరో వరుసలో కాపలా ఉంచు. తెల్లబంటు ఆరో వరుసకి వచ్చిన మరుక్షణం రూక్‌ని ఒకటో వరుసకి దింపి వెనక నుంచి చెక్‌లు ఇవ్వు. అప్పుడు తెల్లరాజుకి దాక్కునే చోటుండదు. బంటు రాకముందే తొందరపడి దింపితే తెల్లరాజే ఆరో వరుసకి ఎక్కి కూర్చుంటాడు, నీకు ప్రాణసంకటం. ఎదుటివాడి దగ్గర బిషప్పూ (ఏటవాలుగా నడిచే కాయ) అంచు బంటూ మాత్రమే మిగిలితే బంటు చేరే మూలగడి రంగు చూడు. బిషప్ ఆ రంగుది కాకపోతే నీ రాజు ఆ మూలకి చేరితే చాలు, డ్రా.

మన ఊరి పిల్లాడే ఎదురుపడినా ముందే మాట్లాడుకుని డ్రా చేసుకోవద్దు. అది మోసం. కొన్ని పోటీల్లో ఇన్ని ఎత్తులలోపు డ్రా ఒప్పుకోకూడదని నియమం పెడతారు, మొదటి రౌండుకి ముందే అడిగి తెలుసుకో.

ఆట అయ్యాక రెండు కాగితాల మీదా ఫలితం రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యండి. గోడమీద అతికించిన ఫలితాల్లో నీ పేరు పక్కన అర పాయింటు ఉందో లేదో చూసుకో. సున్నా పడి ఉంటే తర్వాతి రౌండు జతలు వెయ్యకముందే ఆర్బిటర్‌కి చెప్పు.

మీ తాతయ్య