విన్నది విన్నట్టు రాయడం నేర్చుకో

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీకు బీఏఎస్ఎల్‌పీలో, అంటే మాట, వినికిడి ఇబ్బందులకు చికిత్స నేర్పే డిగ్రీలో, సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. డాక్టరు సీటు రాలేదు కాబట్టి ఇందులో చేరుతున్నావని బంధువులు అంటున్నారట. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనే చేసినదాన్ని కాబట్టి ఆ మాట నాకు కష్టం కలిగించింది. నువ్వు మాత్రం దాన్ని మనసులో పెట్టుకుని కాలేజీలో అడుగు పెట్టవద్దు.

ఫీజు కట్టేముందు ఒక్క సంగతి చూసుకో. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే మనం ఆర్‌సీఐ అనే సంస్థ, మీ కాలేజీలో ఈ కోర్సుకు అనుమతి ఇచ్చిందో లేదో నువ్వే స్వయంగా చూడు. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల ఈ బెంగ అక్కరలేదు గాని, ప్రైవేటు కాలేజీ అయితే తప్పకుండా చూడాలి. ఆ అనుమతి లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే ప్రాక్టీసు చేయకూడదు.

మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. బైపీసీ నుంచి వచ్చావు కాబట్టి గొంతు, చెవి, మెదడు నరాల పాఠాలు నీకు తేలికగానే ఉంటాయి; ధ్వని భౌతికశాస్త్రం దగ్గర భయపడతావు. ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నీ గొంతే రికార్డు చేసుకుని, 'పలక' అన్నప్పుడూ 'పాలక' అన్నప్పుడూ అచ్చు ఎంతసేపు సాగిందో, 'అక' నుంచి 'అక్క'కు వచ్చేసరికి మధ్యలో నిశ్శబ్దం ఎంత పెరిగిందో తెర మీద చూస్తే, పుస్తకంలో పది పేజీలు చదివినా అంటని విషయం పది నిమిషాల్లో అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది వినడం గురించి. మన చెవికి ఒక అలవాటు ఉంది. పిల్లవాడు 'తాతి' అన్నా, బొమ్మలో కాకి కనిపిస్తుంటే మనకు 'కాకి' అనే వినిపిస్తుంది. అర్థం చేసుకోవడానికి ఆ అలవాటు మంచిదే గాని, మన వృత్తికి అది అడ్డు. అందుకే మొదటి సంవత్సరం నుంచే, అంతర్జాతీయ ధ్వని లిపి, అంటే ఏ భాష ధ్వనినైనా పలికినట్టే రాసే గుర్తులు, నేర్పగానే, రోజుకు పది నిమిషాలు ఎవరో ఒకరి మాట రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాయి. చంటిపిల్లల మాట, పళ్ళు లేని తాతగారి మాట, బస్టాండులో ప్రకటన, ఏదైనా సరే.

నా ఇంటర్న్‌షిప్ రోజుల్లో ఒక ఐదేళ్ళ బాబును పరీక్షించి, ఎనిమిది తప్పులు పట్టానని సంతోషంగా కాగితం తీసుకువెళ్ళాను. చెట్టును 'సెట్టు' అన్నాడు, నీళ్ళను 'నీల్లు' అన్నాడు, భయాన్ని 'బయం' అన్నాడు, కుక్కను 'తుత్త' అన్నాడు. మా మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి, బయట కూర్చున్న తల్లిని లోపలికి పిలిచి, ఊళ్ళో పంటలెలా ఉన్నాయని అడిగారు. ఆవిడ ఐదు నిమిషాలు మాట్లాడేసరికి 'సెట్టు', 'నీల్లు', 'బయం' అన్నీ వినిపించాయి. మేడమ్ నా ఎనిమిది తప్పుల్లో ఆరింటిని కొట్టేసి, 'క' బదులు 'త' పలికిన రెండింటిని మాత్రం ఉంచారు. ఆ బాబు తన ఇంటి భాషను చక్కగా నేర్చుకున్నాడు. సరిచేయవలసినది ఒక్క 'క'కారమే. నేను రాసింది రాసినట్టు థెరపీ మొదలుపెట్టి ఉంటే, అమ్మ మాట్లాడేది తప్పని ఆ పసివాడికి నేర్పి ఉండేదాన్ని. ఏ బిడ్డను చూసినా ముందు ఇంట్లోవాళ్ళ మాట విను.

మాటలు రాలేదని తెచ్చిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయించాకే మిగతా సంగతులు. 'టీవీ పెడితే పరుగెత్తుకొస్తాడండీ, చెవులు బాగానే ఉన్నాయి' అని తల్లిదండ్రులు గట్టిగా చెబుతారు, వాళ్ళు అబద్ధమాడరు. కానీ తక్కువ పౌనఃపున్యాలు వినబడి, 'స', 'శ' వంటి ధ్వనులుండే ఎక్కువ పౌనఃపున్యాలు వినబడని పిల్లలు పిలిస్తే పలుకుతారు, మాట మాత్రం సగమే పట్టుకుంటారు. మన దగ్గరికి వచ్చేలోపు వాళ్ళకు వస నాకించి ఉంటారు, మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయిలే అని ఒక ఏడాది ఆగి ఉంటారు. ఆ తల్లిని మందలించవద్దు. మనసులో తప్పు చేశానన్న బాధతోనే వచ్చి ఉంటుంది, మందలిస్తే మళ్ళీ రాదు.

వారానికి 168 గంటలైతే, బిడ్డ నీ ఎదుట కూర్చునేది రెండో మూడో గంటలు. అందువల్ల నీ పనిలో సగం తల్లికి నేర్పడమే. బిస్కెట్ల డబ్బా మూత బిగించి పిల్లవాడి చేతికిచ్చి, వాడే అడిగే వీలు కలిగేలా, నోరు మెదపకుండా మనసులో పది అంకెలు లెక్కపెట్టమని చెప్పు. 'ఇదేంటి? అదేంటి?' అని ప్రశ్నలు గుప్పించకుండా, 'తియ్యి' అన్న ఒక్క మాట అందించి మళ్ళీ ఆగమను. ఆ ఆగడం తల్లులకు చాలా కష్టం, మొదట్లో నీకూ కష్టంగానే ఉంటుంది.

ఆసుపత్రి పోస్టింగు వచ్చినప్పుడు పక్షవాతం వార్డును తప్పించుకోకు. ఒకటి నుంచి పది వరకు గడగడా లెక్కపెట్టి, దాహమేస్తే 'నీళ్ళు' అన్న మాట దొరక్క కన్నీళ్ళు పెట్టుకునే మనుషులను అక్కడ చూస్తావు. వాళ్ళకు మతి పోలేదని కుటుంబానికి విడమరచి చెప్పడం నీ బాధ్యత. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళూ అక్కడే ఉంటారు. పొలమారితే దగ్గు వస్తుందని అందరికీ తెలుసు గాని, దగ్గు రాకుండానే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయే రోగులుంటారు, కాబట్టి సీనియర్లు పక్కన లేకుండా ఎవరికీ ఒక్క చెంచా కూడా పట్టవద్దు.

అమెరికా సంగతి అడిగావు. అక్కడ స్పీచ్ థెరపిస్టుగా పనిచేయాలంటే మాస్టర్స్, ఆడియాలజీకి, అంటే వినికిడి పరీక్షలూ చికిత్సా చూసే పనికి, డాక్టరేటు స్థాయి చదువు కావాలి. ఇక్కడి డిగ్రీ రెండింటికీ పునాది వేస్తుంది, ఏది నీదో మూడో ఏడాదికి నీకే తెలుస్తుంది. ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు మీ పక్కింటి చంటివాడి మాటలు ఒక పేజీ రాసి, రికార్డింగుతో సహా తీసుకురా. ఇద్దరం కలిసి విని సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య