గులాబీ పాలీహౌస్‌లో సాలెపురుగులు: మందు దేనికి కొట్టాలి?

ప్రశ్న: అర ఎకరం పాలీహౌస్‌లో గులాబీ వేశాను. నెల రోజులుగా లోపల రకరకాల సాలెపురుగులు కనిపిస్తున్నాయి. ఆకుల కింద కూడా సన్నగా బూజు కట్టింది. ఒకామెకు మెడ మీద మంటతో పొక్కులు లేచాయి. సాలెపురుగు పాకిందని చెప్పుకుని పూలు కోసే ఆడవాళ్లు రామంటున్నారు. లామ్డా సైహాలోత్రిన్ పురుగుమందు రెండుసార్లు కొట్టినా బూజు ఇంకా పెరిగింది. ఐదు ఫోటోలు పంపుతున్నాను. ఇవేమిటి, ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: మీ ఐదు ఫోటోల్లో నాలుగే సాలీళ్లవి. ఆకు కింద బూజు సాలీడు పని కాదు. ఆ బూజు కట్టేదే మీ పంటను తింటున్నది, దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు కూలీల టెన్షన్ తీరాలి కాబట్టి మిగతా నాలుగూ చూద్దాం.

ఇనుప పైపుల మధ్య గుండ్రటి గూడు, నడుమ ఇంటూ గుర్తులా తెల్లటి వంకర దారం, దాని మీద కాళ్లు రెండేసి జతగా చాపి తలకిందులుగా కూర్చున్నది ఆర్గియోపె అనే సాలీడు. పొట్ట మీద పసుపు పట్టీలుంటాయి. చూడ్డానికి భయంగా ఉన్నా గూడు వదిలి మనిషి మీదికి రాదు. ఆకు మీద పొట్టిగా, బొచ్చుతో, ముందు రెండు పెద్ద కళ్లతో మిమ్మల్నే చూస్తున్నట్టున్నది గెంతే సాలీడు. ఇది గూడు కట్టి వేటాడదు, పిల్లిలా పొంచి దూకుతుంది. మొక్కల బెడ్ మట్టి మీద పొట్ట వెనకాల తెల్లటి ఉండ ఈడ్చుకుంటూ పోయేది తోడేలు సాలీడు. ఆ ఉండ నిండా గుడ్లు. పిల్లలు బయటికొచ్చాక కొన్నాళ్లు తల్లి వీపు మీదే తిరుగుతాయి. పువ్వు రెక్కల్లో ఎండ్రకాయలా పక్కకు నడిచేది పీత సాలీడు. ఫోటో చూసి ఇంతవరకే చెప్పగలం, అసలు జాతి పేరుకు మైక్రోస్కోపు కావాలి.

ఈ నాలుగూ తెల్లదోమ, పేనుబంక, రెక్కల పురుగుల్లాంటివి తినేవే. మనిషిని కుట్టడం అరుదు. కుట్టినా సబ్బునీళ్లతో కడిగితే సాధారణంగా సరిపోతుంది. వాపు పాకితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మెడ మీద పొక్కులకు నా అనుమానం వేరే పురుగు మీద. రాత్రి లైటుకు చేరే పెడెరస్ అనే సన్నటి పెంకు పురుగు ఒకటుంది. చీమ కంటే కాస్త పొడుగు, ఒంటి మీద నలుపు, నారింజ పట్టీలు. అది కుట్టదు. మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే దాని రసం తగిలి, ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టు పొక్కుతుంది. అలాంటిది వాలితే నలపకుండా ఊదేయమని చెప్పండి. ఆమెను మాత్రం ఒకసారి చర్మం డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు బూజు సంగతి. అడుగు ఆకు ఒకటి తెంపి తెల్ల కాగితం మీద తట్టండి. దుమ్ము రేణువుల్లాంటివి రాలి, కాసేపటికి నడవడం మొదలుపెడతాయి. లెన్సుతో చూస్తే వీపుకు అటూ ఇటూ రెండు నల్ల మచ్చలు కనిపిస్తాయి. ఇది ఎర్రనల్లి. దీనికీ ఎనిమిది కాళ్లే కాబట్టి సాలీడుకు దూరపు చుట్టమనుకోండి, కానీ ఆకు రసం పీల్చి బతుకుతుంది. ఆకు పైన పసుపు చుక్కలు పడి, తర్వాత మొత్తం కంచు రంగుకు తిరుగుతుంది. ఎండాకాలం పాలీహౌస్ పొడి వేడిలో పది రోజులకో తరం తయారవుతుంది. మీరు కొట్టిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు నల్లిని పెద్దగా ఏమీ చేయదు. దాన్ని తినే మిత్ర నల్లులను, సాలీళ్లను చంపుతుంది. బూజు పెరిగింది అందుకే. ఆ మందు ఆపేయండి. అలాగని సాలీళ్లే నల్లిని అదుపు చేస్తాయని కూర్చోవద్దు. నల్లి వాటికి మరీ చిన్న మేత.

బాగా పట్టిన అడుగు ఆకులు తీసి కాల్చేయండి. ఆకు అడుగు తడిసేలా పొద్దున్నే నీళ్లు ప్రెషర్‌తో కొట్టండి. సాయంత్రానికి ఆకు తడి ఆరిపోవాలి, లేకుంటే తెగుళ్లొస్తాయి. తర్వాత అబామెక్టిన్ 1.9 శాతం మందు లీటరు నీటికి 0.5 మి.లీ. చొప్పున, ఆకు అడుగు భాగానికి చేరేలా సాయంత్రం పిచికారీ చేయండి. వారం తర్వాత స్పైరోమెసిఫెన్ 22.9 శాతం మందు లీటరుకు 1 మి.లీ. కొట్టండి, ఇది గుడ్ల మీదా పనిచేస్తుంది. ఒకే మందు వరసగా వాడితే నల్లి దానికి అలవాటు పడుతుంది. మాస్కు, గ్లౌజులు లేకుండా మూసిన పాలీహౌస్‌లో మందు కొట్టనివ్వకండి.

కూలీల దారికి అడ్డంగా ఉన్న గూళ్లు మాత్రం చీపురుతో తీయించండి. పూలు కట్ట కట్టే ముందు ఒక్కోదాన్ని తలకిందులుగా విదిలించండి. పీత సాలీడు మీ తోటలో ఉంటే మీకు లాభం, బెంగళూరులో కొనేవాడి చేతిలోకి పాకితే ఆ పెట్టె మొత్తం వెనక్కి వస్తుంది.