డెస్క్‌టాప్ ఐకాన్లు చెరగకుండా...

ప్రశ్న: మా పాఠశాల ల్యాబ్‌లోని విండోస్ 10 కంప్యూటర్లలో పిల్లలు డెస్క్‌టాప్ ఐకాన్లను తొలగిస్తున్నారు, చోటు మార్చేస్తున్నారు. నివారించే మార్గం ఉందా?

జవాబు: డెస్క్‌టాప్‌పై ఉండే ప్రోగ్రామ్ ఐకాన్ సాధారణంగా ఆ ప్రోగ్రామ్‌ను తెరిచే షార్ట్‌కట్ (లింకు) మాత్రమే; అది పోయినంత మాత్రాన అసలు ప్రోగ్రామ్ పోదు కనుక మీరు కంగారు పడనవసరం లేదు. పిల్లలు అన్ని మార్పులూ చేయగల అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అవుతుంటే ముందు దానిని మాన్పించి, వారికి పరిమిత అధికారాలుండే స్టాండర్డ్ ఖాతా సృష్టించి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను మీ వద్దే ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తరువాత సి డ్రైవ్‌లోని యూజర్స్‌లో పబ్లిక్ ఫోల్డర్ తెరచి, అందులో దాగి ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ను వ్యూ మెనూలోని హిడెన్ ఐటమ్స్ ద్వారా కనబడేలా చేసి, షార్ట్‌కట్లను అందులోకి మార్చండి. అక్కడ ఉంచినవి అన్ని ఖాతాలలోనూ కనిపిస్తాయి. స్టాండర్డ్ ఖాతా నుండి వాటిని తొలగించబోతే విండోస్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక చోటు మార్పు విషయానికి వస్తే, డెస్క్‌టాప్‌పై రైట్ క్లిక్ చేసి, వ్యూలో ఆటో అరేంజ్ ఐకాన్స్ ఎంచుకుంటే అవి వరుస దాటి చెదరవు గాని, ఆ వరుసలో ముందువెనుకలు మాత్రం మారవచ్చు.